“ఇది మా రికార్డు కాదు”: ఒక రూట్స్ రెగే ఆల్బమ్, పదహారు మంది శ్రోతలు

ఇంగ్లండ్‌లోని ఒక నగరంలో వయోజనుల కోసం సాయంకాలపు తరగతులు నడుపుతాను. వాద్యం పట్టడం నేర్పను, పాడడం నేర్పను. ఒకే ఆల్బమ్‌ను ఆరు వారాలపాటు మళ్లీ మళ్లీ వింటాం, విన్నదాన్ని మాటల్లో పెట్టడం సాధన చేస్తాం. అంతకుముందు చాలా ఏళ్లు శబ్దగ్రహణ పనిలో ఉన్నాను కాబట్టి స్పీకర్లు, గదులు, మైకుల సంగతి నాకు కొత్త కాదు. ఈ కేసులో ఆ అనుభవం ఒకచోట పనికివచ్చింది, మరొకచోట నన్ను తప్పుదారి పట్టించింది. అందుకే రాస్తున్నాను. ఇందులోని వారందరి అనుమతీ తీసుకున్నాను. ఆనవాళ్లు తెలిసే వివరాలు మార్చాను లేదా వదిలేశాను.

నేపథ్యం

ఆ విడతకు నేను ఎంచుకున్న ఆల్బమ్ బర్నింగ్ స్పియర్ అనే జమైకా బృందం వారి ‘మార్కస్ గార్వే’. 1975 నాటిది. పది పాటలు, మొత్తం కలిపి నలభై నిమిషాల లోపే. జమైకాలోని కింగ్‌స్టన్‌లో రికార్డయింది. నిర్మాత జాక్ రూబీ ఓచో రియోస్ ఊళ్లో సౌండ్ సిస్టమ్ నడిపేవారు. అంటే పెద్ద పెద్ద స్పీకరు పెట్టెలతో ఆరుబయట జనానికి పాటలు వినిపించే వ్యవస్థ. ఆల్బమ్ శీర్షికైన పాట మొదట ఆయన సౌండ్ సిస్టమ్‌లోనే మోగి, జనం అడిగీ అడిగీ చివరికి రికార్డుగా బయటికి వచ్చింది.

ఎంపికకు నా కారణాలు రెండు. ఒకటి, ఇది రూట్స్ రెగేకు, అంటే జమైకా రెగే సంగీతంలో నల్లవారి చరిత్రనూ బాధనూ పాడే శాఖకు, నడిబొడ్డున ఉన్న ఆల్బమ్. అడుగు స్వరాలు పలికే బేస్ గిటారు మీద రాబీ షేక్‌స్పియర్, ఆస్టన్ బారెట్, డ్రమ్ముల మీద లెరాయ్ వాలెస్, గిటారు మీద ఎర్ల్ స్మిత్. ఆ కాలపు కింగ్‌స్టన్ హేమాహేమీలంతా ఒకచోట చేరారు. రెండోది, ఇందులో ఒకే ప్రధాన గొంతు. విన్‌స్టన్ రోడ్నీ పాడుతుంటే రూపర్ట్ విల్లింగ్‌టన్, డెల్‌రాయ్ హైన్స్ వంత పాడతారు. గొంతు, వంత, తాళం, బేస్: నాలుగు పొరలు విడివిడిగా వినపడే సంగీతం కాబట్టి వినడం నేర్చుకునేవారికి సులువుగా ఉంటుందని అనుకున్నాను. ఆ అంచనా తప్పింది.

చేరిన పదహారు మందిలో అయిదుగురి గురించి ముందే చెప్పాలి. జమైకాలో పుట్టి చిన్నతనంలోనే ఇంగ్లండ్ వచ్చిన ఒక పెద్దాయన. నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఒకావిడ, ఆవిడదీ కరీబియన్ మూలమే. కంప్యూటర్ మీద సంగీతం కట్టే ఇరవై ఏళ్ల యువకుడు. రాక్ గిటారు నేర్పే మాస్టారు. పై చదువుకు వచ్చిన ఒక తెలుగమ్మాయి.

ఎదురైన సమస్య

మొదటి రోజు ఆల్బమ్ మొత్తం వినిపించి చీటీలు పంచాను. అయిదుకు మార్కులు వేయమని, కింద ఒక వాక్యం రాయమని అడిగాను. ఎనిమిది మంది నాలుగో అయిదో వేశారు. ఏడుగురు ఒకటో రెండో వేశారు. మూడు వేసింది ఒక్కరే. సగటు కడితే మూడుకు కాస్త పైన వచ్చింది. ‘ఫరవాలేదు’ అని చెప్పే అంకె అది. గదిలో ‘ఫరవాలేదు’ అనుకున్న మనిషి ఒక్కరే.

మార్కులకన్నా వాక్యాలు నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. “పది పాటలూ ఒకటే పాట” అని యువకుడు రాశాడు. “ఏమీ జరగడం లేదు” అన్నారు గిటారు మాస్టారు. “మాటలు అందలేదు” అని అమ్మాయి. నర్సుగారు అయిదు మార్కులు వేసి “చర్చి” అని ఒక్క మాటతో సరిపెట్టారు. ముగ్గురు బేస్ మరీ ఎక్కువ అన్నారు, నలుగురు బేస్ అసలు లేదన్నారు. పెద్దాయన మార్కులు వేసే గడిలో రెండు వేసి, కింద “ఇది మా రికార్డు కాదు” అని రాశారు.

అసలు చిక్కు చీటీలు చదివి వినిపించినప్పుడు మొదలైంది. పది పాటలూ ఒకటే అన్నది ఎవరో తెలియగానే పెద్దాయన ముఖం ముడుచుకున్నారు. “మీకు వినడానికి చెవులు కావాలి” అన్నారు. “వినడానికి ఏదైనా ఉండాలి కదండీ” అన్నాడు యువకుడు. ఆ తరువాత పదిహేను నిమిషాలు నడిచిన సంభాషణ సంగీతం గురించి కాదు. ఎవరి కాలం గొప్పది, ఎవరి బాధ పెద్దది అన్న చోటికి వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు ఇద్దరు వచ్చే వారం రావడం అనుమానమే అన్నారు.

మొదటి ప్రయత్నం: చరిత్ర చెప్పడం

ఇష్టపడనివారికి నేపథ్యం తెలియదు, తెలిస్తే ఇష్టపడతారు అన్నది నా మొదటి ఊహ. పాఠాలు చెప్పేవారికి సహజంగా వచ్చే ఊహే అది. రెండో వారం అరగంట ఉపన్యాసం ఇచ్చాను. మార్కస్ గార్వే 1887లో జమైకాలోని సెయింట్ ఆన్స్ బేలో పుట్టడం, 1914లో నల్లజాతి అభ్యున్నతి కోసం సంఘం స్థాపించడం, న్యూయార్క్ వెళ్లి 1919లో బ్లాక్ స్టార్ లైన్ అనే ఓడల సంస్థ పెట్టడం, తపాలా మోసం కేసులో శిక్ష పడడం, 1927లో అమెరికా నుంచి పంపివేయబడడం, 1940లో లండన్‌లో మరణించడం, 1964లో ఆయన భౌతికకాయాన్ని స్వదేశానికి తీసుకురావడం. గాయకుడు రోడ్నీ కూడా అదే సెయింట్ ఆన్స్ బేలో పుట్టిన మనిషి. తన ఊరివాడిని తన ఊరే మరిచిపోతున్నదన్న బాధ ఆ పాటల్లో ఉంది. ఇవన్నీ నిజాలే, నేను ప్రేమతోనే చెప్పాను.

మళ్లీ చీటీలు పంచితే మార్కులు పెరిగాయి. ఒకటి వేసినవారు మూడు వేశారు. కొన్ని క్షణాలు సంతోషించాను. తరువాత వాక్యాలు చదివాను. “ముఖ్యమైన ఆల్బమ్.” “చారిత్రక విలువ ఉంది.” “గౌరవించదగినది.” మొదటి వారం “ఏమీ జరగడం లేదు” అని నిజాయితీగా రాసిన మనిషి ఇప్పుడు ‘ముఖ్యమైన’ అనే మాట వెనుక దాక్కున్నారు. బానిసత్వం గురించి పాడిన పాటకు ఒక మార్కు వేయడం సిగ్గనిపించే పరిస్థితిని నేనే తెచ్చిపెట్టాను. వారి చెవులు మారలేదు, నోళ్లు మాత్రం మూతపడ్డాయి.

ఇది గుర్తించడానికి నాకు ఒక కొలత తోడ్పడింది. ఎవరైనా ఏదైనా పాటను మళ్లీ వేయమని అడిగారా అన్నదే ఆ కొలత. నా దృష్టిలో శ్రోత ఇచ్చే అభిప్రాయాల్లో అంతకన్నా నమ్మదగినది లేదు. రెండో వారం ఎవరూ అడగలేదు.

రెండో ప్రయత్నం: పెద్ద స్పీకర్లు

ఇంటికి వచ్చి చీటీలన్నీ బల్ల మీద పరిచాను. బేస్ ఎక్కువైందని ముగ్గురు, అసలు లేదని నలుగురు. ఒకే గదిలో, ఒకే స్పీకర్ల మీద, ఒకే రికార్డు విని చెప్పిన మాటలివి. రుచుల తేడా ఇంత దూరం పోదు. నా పాత వృత్తి మేలుకుంది. ఈ సంగీతంలో కథ నడిపేది బేస్. అది వినపడకపోతే “ఏమీ జరగడం లేదు” అన్నది ఫిర్యాదు కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పడమే.

మూడో వారానికి పెద్ద స్పీకర్లు, అడుగు స్వరాల కోసం ప్రత్యేకంగా ఒక సబ్‌వూఫరు తెచ్చాను. ధ్వని కూడా పెంచాను. చాలామంది “ఈసారి బాగుంది” అన్నారు. కానీ ఆ ‘బాగుంది’ని నేను నమ్మలేకపోయాను. ధ్వని పెరిగితే దాదాపు ఏ సంగీతమైనా మెరుగ్గా అనిపిస్తుంది. మెల్లగా మోగేటప్పుడు మన చెవి అడుగు స్వరాలను తక్కువగా పట్టుకుంటుందని, ధ్వని పెరిగేకొద్దీ ఆ లోటు తగ్గుతుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. అందువల్ల వారికి నచ్చినది ఆల్బమా, డెసిబెళ్లా అని విడదీసి చెప్పే దారి నాకు లేకుండా పోయింది. పైగా బేస్ లేదన్న నలుగురిలో ఇద్దరు ఇప్పటికీ అదే మాట అన్నారు. సబ్‌వూఫరు గోడలు కదిలిస్తుంటే బేస్ లేదనడం ఏమిటి?

వారు కూర్చున్న చోటు చూశాను. ఇద్దరూ మధ్య వరుసలోనే ఉన్నారు. మొదటి రోజు ఎవరు ఎక్కడ కూర్చున్నారో హాజరు పట్టీలో గీసిపెట్టుకునే అలవాటు నాది, పేర్లు త్వరగా గుర్తుపట్టడానికి. ఆ పటం తీసి చూస్తే బేస్ లేదన్న నలుగురూ మధ్య వరుసవారే. ఎక్కువైందన్న ముగ్గురూ వెనక గోడకు ఆనుకుని కూర్చున్నవారే.

ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది. స్పీకర్లున్న గోడకూ వెనక గోడకూ మధ్య దూరం సుమారు 5.7 మీటర్లు. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళుతుంది. లెక్క కడితే ఆ రెండు గోడల మధ్య 30 హెర్ట్జ్ దగ్గర ఒకటి, 60 హెర్ట్జ్ దగ్గర మరొకటి నిలిచిపోయే అలలు ఏర్పడతాయి. 60 హెర్ట్జ్ అలకు గోడల దగ్గరా, సరిగ్గా గది నడుమా బలం ఎక్కువ. గోడకూ నడిమికీ మధ్య సగం దూరంలో ఆ స్వరం దాదాపు మాయమవుతుంది. బేస్ గిటారు లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. 60 హెర్ట్జ్ అంటే దాని మీద ఆరో, ఏడో మెట్ల ప్రాంతం, వాద్యకారుడి వేళ్లు రోజంతా తిరిగే చోటే. నా మధ్య వరుస కుర్చీలు (వరుసల్లో మధ్యవే గానీ గదికి నడుమ కాదు) సరిగ్గా ఆ శూన్యంలో ఉన్నాయి. బేస్ వరుసలోని స్వరాల్లో కొన్ని వారికి పూర్తిగా అందడం లేదు. స్పీకరు ఎంత పెంచినా ఆ చోటు నిండదు.

ఇన్నేళ్లు స్టూడియోల్లో పనిచేసిన మనిషిగా ఇది నేను మొదటి రోజే చూడవలసింది. నా చూపంతా శ్రోతల అభిరుచుల మీదే ఉండి, కుర్చీల మీదికి పోలేదు.

నాలుగో వారానికి వరుసలు తీసేశాను. కుర్చీలను గోడలకు దూరంగా, ఆ శూన్యం తగలకుండా వంపుగా వేశాను. సగంలో అందరూ చోట్లు మార్చుకోవాలని నియమం పెట్టాను. ధ్వని ఒకే మట్టంలో ఉంచి మీటరుతో కొలిచాను. బేస్ గురించిన తగువు ఆ రోజే సమసిపోయింది.

పెద్దాయన మాట

మిగిలింది “ఇది మా రికార్డు కాదు” అన్న వాక్యం. మొదటి రోజు నేను దాన్ని బెంగగా చదివాను. పడుచుదనంలో విన్న పాట ముసలితనంలో వేరేగా వినిపించడం సహజమని, ఆయన తన యౌవనాన్ని వెతుక్కుంటున్నారని అనుకుని, ఆ చీటీని పక్కన పెట్టేశాను. ఈ కేసులో నేను చేసిన పెద్ద తప్పు ఇదే.

తప్పు అని ఎందుకంటున్నానంటే, నాకు తెలియని విషయం కాదు. జమైకా రికార్డులు లండన్ చేరేసరికి మారడం ఆ కాలపు రివాజు. 1973లో బాబ్ మార్లే, వైలర్స్ బృందం ‘క్యాచ్ ఎ ఫైర్’ టేపులు కింగ్‌స్టన్ నుంచి వచ్చాక ఐలండ్ అనే రికార్డుల సంస్థ అధిపతి క్రిస్ బ్లాక్‌వెల్ లండన్‌లో వాటికి అమెరికన్ వాద్యకారులు వేన్ పెర్కిన్స్ గిటారు, రాబిట్ బండ్రిక్ కీబోర్డు చేర్పించారు. రాక్ వినేవారి చెవికి దగ్గర చేయడమే ఉద్దేశం. 2001లో ఆ రెండు రూపాలూ కలిపి విడుదలయ్యాక ఎవరైనా పక్కపక్కన పెట్టి వినవచ్చు. ‘మార్కస్ గార్వే’ విషయంలోనూ జమైకా బయటి శ్రోతల కోసం ఐలండ్ పాటలను మళ్లీ మిక్స్ చేసింది, అంటే గొంతు, వాద్యాల పాళ్లను మార్చి కలిపింది. రోడ్నీకి అది రుచించలేదు. తరువాత ఆయన సొంత లేబుల్ పెట్టుకోవడం వెనుక ఆ అసంతృప్తి కూడా ఉంది. నేను తరగతిలో వినిపించింది ఐలండ్ ఆల్బమే. పెద్దాయన తొలి యౌవనంలో కొన్నది, జమైకా నుంచి వచ్చిన 45 వేగపు చిన్న రికార్డు. ఇంత తెలిసి కూడా, ఒక మనిషి నా ముందు నిలబడి అదే మాట చెబితే దాన్ని వయసు ఖాతాలో వేశాను.

బేస్ తగువు తీరిన రోజు సాయంత్రం ఆయన దగ్గరికి వెళ్లి, “మీ రికార్డు ఎలా ఉంటుందో చెబుతారా?” అని అడిగాను. “చెప్పడం ఎందుకు, తెస్తాను” అన్నారు.

తెచ్చినదాన్ని ఎలా వినిపించాలన్నది ఆలోచించవలసి వచ్చింది. నా దగ్గరిది శుభ్రమైన డిజిటల్ ప్రతి, ఆయనది గీతలు పడ్డ రికార్డు. చిటపటలు వినగానే ఏది ఏదో అందరికీ తెలిసిపోతుంది, వెంటనే ఎవరి పక్షం వారు పడతారు. అందుకని నేనూ ఐలండ్ వారి పాత ఎల్పీ రికార్డు ఒకటి సంపాదించాను, అదీ గీతలు పడ్డదే. ప్లేయరు రెండు వేగాలనూ, వేగం కొలిచే స్ట్రోబు పలకతో సరిచూశాను. రెండింటి ధ్వని మట్టం అర డెసిబెల్ తేడాలోకి తెచ్చాను. ప్లేయరును తెర వెనుక పెట్టి, ఏది ముందో చెప్పకుండా ఒకే పాటను రెండు రూపాల్లో మూడు విడతలు వినిపించాను.

పెద్దాయన మూడుసార్లూ తన రికార్డును మొదటి కొన్ని క్షణాల్లోనే పట్టుకున్నారు. అది నన్ను ఆశ్చర్యపరచలేదు. మిగిలినవారు ఆశ్చర్యపరిచారు. ఏది ఏదో తెలియకపోయినా, రెండూ ఒకటి కాదని దాదాపు అందరూ గుర్తించారు. నెల రోజులుగా పది పాటలూ ఒకటే అంటున్న యువకుడు, ఒకే పాట రెండు రూపాల మధ్య తేడాను పది నిమిషాలు వర్ణించాడు. “ఒకదానిలో బేస్ నేల మీద కూర్చుంది, మరోదానిలో కుర్చీ మీద కూర్చుంది” అన్నాడు. పెద్దాయన అతని వైపు మొదటిసారి తలతిప్పి చూశారు.

తిప్పి పెట్టడం

ఆ తరువాత జరిగినది నా పథకంలో లేదు. మూడో విడత అయ్యాక పెద్దాయన “ఇప్పుడు ఒకసారి తిప్పి పెట్టండి” అన్నారు.

జమైకా చిన్న రికార్డులకు ఒక ఆచారం ఉంది. ముందు వైపు పాట, వెనక వైపు అదే పాట గొంతు తీసేసిన రూపం. దాన్ని ‘వెర్షన్’ అంటారు. సౌండ్ సిస్టమ్ దగ్గర మైకు పట్టుకున్నవాడు దాని మీద తన మాటలు చెప్పుకుంటాడు. డబ్ అనే కళ ఈ వెనక వైపునుంచే పెరిగింది: మిక్సింగ్ బల్ల దగ్గర కూర్చుని గొంతును తుంచి, గిటారును ప్రతిధ్వనిలో ముంచి, బేస్‌నూ డ్రమ్మునూ ఒంటరిగా వదలడం.

వెనక వైపు మోగింది. గొంతు లేదు. యువకుడు ముందుకు వంగి కూర్చున్నాడు. “నేను రోజూ కంప్యూటర్ మీద చేసే పని ఇదే” అన్నాడు. కాసేపటికి, “మళ్లీ వేయగలరా?” అని అడిగాడు. నాలుగు వారాల్లో మొదటిసారి ఎవరో ఒకరు ఆ మాట అడిగారు.

అతని ఫిర్యాదు నాకు అప్పుడు అర్థమైంది. అతను కట్టే సంగీతంలో మార్పు అంటే ఒక పొర చేరడం, ఒక పొర తప్పుకోవడం. ఆ చెవితో ఈ ఆల్బమ్ వింటే పొరలు మొదటి నిమిషంలోనే అన్నీ వచ్చేస్తాయి, చివరిదాకా ఉంటాయి. మార్పు ప్రతి పొర లోపల ఉంది, వాటి మధ్య లేదు. అతను తప్పుగా వినలేదు, వేరే తలుపు దగ్గర నిలబడి తడుతున్నాడు. ఐలండ్ 1976లో ఈ ఆల్బమ్‌కు డబ్ రూపాన్ని ‘గార్వేస్ ఘోస్ట్’ పేరుతో విడుదల చేసింది. అదే రోజు పాటలు వినిపించే క్రమం మార్చుకున్నాను: మిగిలిన ప్రతి పాటకూ ముందు డబ్ రూపం, తరువాత గొంతుతో ఉన్న పాట. నిజానికి ఇది కాలక్రమానికి ఎదురు పద్ధతి. కానీ బేస్ బాటను ముందే విన్న చెవికి, గొంతు వచ్చేసరికి పాటలు పదీ పది వేర్వేరు ముఖాలతో కనిపించాయి. ఆరో వారం, నేను పాట పేరు చెప్పకుండానే, యువకుడు బేస్ వరుస విని అది ఏ పాటో చెప్పగలిగాడు.

చీటీ ప్రశ్న కూడా మార్చాను. మార్కుల గడి తీసేసి, ఒక పొడవాటి గీత గీసి నిమిషాలు గుర్తుపెట్టి ఇచ్చాను. మీ చెవి ఎక్కడికి పోయింది, విసుగు ఎక్కడ మొదలైంది, మళ్లీ వినాలనిపించిన చోటు ఏది అని అడిగాను. ‘ఎలా ఉంది’ అని అడిగితే మనిషి తీర్పు చెబుతాడు. ‘ఎక్కడ’ అని అడిగితే సాక్ష్యం చెబుతాడు. తీర్పులతో తరగతిలో తగువులు వస్తాయి. సాక్ష్యాలను మాత్రం పక్కపక్కన పెట్టుకోవచ్చు.

నర్సుగారి ఒక్క మాట

కొత్త చీటీలు మరో పొరపాటును బయటపెట్టాయి. నర్సుగారు ‘జోర్డాన్ రివర్’ పాట మీద తన గీతంతా గుర్తులతో నింపారు. గొంతు ఒక మాట అన్న ప్రతిచోటా ఒక చుక్క, వంత తిరిగివచ్చిన ప్రతిచోటా ఒక గీత. ఏమిటని అడిగితే పాడి చూపించారు. చిన్నప్పటి బాప్టిస్టు ప్రార్థనల్లో ఒకరు వరుస ఎత్తితే జనం అందుకోవడం, ఆ అందుకోవడంలో ప్రతిసారీ కాస్త తేడా ఉండడం. ‘చర్చి’ అన్న ఆ ఒక్క మాటలో ఇదంతా ఉంది. నేను భక్తి అనుకున్నాను, ఆవిడ చెప్పింది నిర్మాణం. అయిదు మార్కులు వేశారు కాబట్టి ఆవిడను ఏమీ అడగలేదు. ఫిర్యాదు చేసినవారిని మాత్రమే ప్రశ్నించాను. మెచ్చుకున్నవారు ఏమి విని మెచ్చుకున్నారో అడగకపోతే వారి దగ్గరున్న తాళంచెవి వారి దగ్గరే ఉండిపోతుంది.

ఆవిడ పాడడం విని తెలుగమ్మాయి ఉలిక్కిపడినట్టు, “ఇది మా బుర్రకథ లాగా ఉంది” అంది. మిగిలినవారికి తనే వివరించింది. నడుమ కథకుడు, ఇటూ అటూ ఇద్దరు వంతలు, కథకుడి మాటకు వారు తందానా పలకడం, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం చూసుకోవడం. బర్నింగ్ స్పియర్ కూడా ముగ్గురే. పోలికను సాగదీయకూడదు, రెండు సంప్రదాయాలకూ చుట్టరికం లేదు. కానీ మాటలు అందలేదన్న ఆ అమ్మాయికి, మాటలు అందకముందే పట్టుకోదగినది ఒకటి దొరికింది. ఆ తరువాతే పాటల సాహిత్యాన్ని, జమైకన్ పలుకుబళ్ల అర్థాలతో కాగితం మీద ఇచ్చాను. మొదటి రోజే ఇచ్చి ఉంటే తలలన్నీ కాగితంలోకి వంగిపోయి ఉండేవి.

పని చేయనిది

గిటారు మాస్టారి విషయంలో నేను ఎక్కడికీ చేరలేదు. ఆయన చెవి కార్డులు, అంటే కలిసి మోగే స్వరాల గుంపులు, మారడం కోసం ఎదురుచూస్తుంది. ఇందులో రెండు మూడు కార్డుల మీదే పాట నిలబడుతుంది. తాళం దారిన తీసుకువెళదామని చూశాను. ఒన్ డ్రాప్ అనే ఈ నడకలో నాలుగు లెక్కపెడితే ఒకటి మీద పెద్ద డ్రమ్ము మోగదు, బరువంతా మూడు మీద పడుతుంది. రెండు, నాలుగు మీద గిటారు తెగ్గొట్టినట్టు పలుకుతుంది. సమం, అంటే తాళం మొదటి దెబ్బ, దాటాక ఎత్తుకునే కీర్తనలు వినేవారికి ఆ మొదటి ఖాళీలోని రుచి వెంటనే తెలుస్తుంది. గదిలో అందరినీ లేపి, ‘ఒకటి’ని మనసులో అనుకుంటూ మూడు మీద అడుగు వేయించాను. చాలామందికి పాట నడుములోకి దిగింది. మాస్టారి అడుగు మాత్రం ప్రతిసారీ ఒకటి మీదికి జారిపోయింది. ఆయన కూర్చుండిపోయారు. చివరి చీటీలో, ఏ నిమిషం దగ్గర విసుగు మొదలైందో, అక్కడ తాను దేని కోసం ఎదురుచూశారో వివరంగా రాశారు. ఆ చీటీ మొదటి రోజు వచ్చిన అయిదు మార్కుల చీటీలన్నిటికన్నా నాకు ఎక్కువ నేర్పింది. నచ్చకపోవడాన్ని నయం చేయవలసిన జబ్బుగా చూడడం అప్పటినుంచి మానేశాను.

ఇంట్లో వినమని చెప్పిన అభ్యాసం కూడా ఫలించలేదు. చాలామంది ఫోను స్పీకరు మీదే విన్నారు. అంత చిన్న స్పీకరు నుంచి అడుగు స్వరాలు దాదాపు రావు. పై స్వరాల ఆధారంగా మెదడు కొంత ఊహించుకుంటుంది, అంతే. నాలుగో వారం గదిలో సంపాదించినది ఇంటి దగ్గర పోగొట్టుకుని వచ్చేవారు. హెడ్‌ఫోన్లు లేనివారు ఇంట్లో వినవద్దని చివరికి చెప్పాను.

నేర్చుకున్నవి

ఒక క్రమం నాకు స్థిరపడింది. శ్రోత చెప్పినదాన్ని మొదట గది గురించిన మాటగా తీసుకుంటాను: కుర్చీ, స్పీకరు, ధ్వని మట్టం. అది సరిచూశాక ప్రతి గురించిన మాటగా: ఇది ఏ ముద్రణ, ఏ మిక్స్, వారు గతంలో విన్నది ఏది. ఆ రెండూ దాటాకే అభిరుచి గురించిన మాటగా. నేను ఈ కేసులో సరిగ్గా వెనక నుంచి ముందుకు నడిచాను, నాలుగు వారాలు పోయాయి. సగటు మార్కులు కట్టడం పూర్తిగా వదిలేశాను. పదహారు మందిలో సగటు ఎవరినీ చూపించదు.

చరిత్ర సంగతి వేరుగా చెప్పాలి. అయిదో వారం ‘ఓల్డ్ మార్కస్ గార్వే’ విన్నాం. ఆ ముసలి గార్వేను ఎవరూ తలచుకోవడం లేదని వాపోయే పాట. అయిపోయాక యువకుడు పెద్దాయన వైపు తిరిగి, “ఇంతకీ ఎవరండీ ఆయన? గాయకుడు ఆ పేరు ఇన్నిసార్లు ఎందుకు అంటున్నాడు?” అన్నాడు. రెండో వారం నేను అరగంట చెప్పినదంతా అతని దగ్గర ఒక్క ముక్క కూడా మిగల్లేదు. నేను నోరు తెరవబోయి ఆగాను. పెద్దాయన చెప్పారు. సంవత్సరాలు చెప్పలేదు. తన తాతకు బ్లాక్ స్టార్ లైన్ ఓడల మీద ఉన్న ఆశ గురించి చెప్పారు, తాను చదువుకున్న బడిలో గార్వే పేరు వినపడకపోవడం గురించి చెప్పారు, ఆ పేరు మొదటిసారి బిగ్గరగా విన్నది ఒక స్పీకరు పెట్టె ముందు నిలబడి అని చెప్పారు. యువకుడు మధ్యలో రెండు ప్రశ్నలు అడిగాడు. తరువాత పాటను మళ్లీ వేయమన్నాడు.

తరువాతి బృందం మొదలైనప్పుడు కుర్చీలు వంపుగా వేసి, వెర్షన్ వైపు ముందు వినిపించాను. నా ఉపన్యాసం కాగితాలు అయిదో వారం దాకా సంచిలోనే ఉన్నాయి.